రెండు గంటల నలభై నిమిషాల గొలుసు

ఆ రోజుల్లో మా వైపు విమానమంటే తలెత్తి చూసేదే కానీ ఎక్కేది కాదు. మిరపచేలో వంగి కాయ కోసే ఆడవాళ్ళు కాసేపు నడుము నిఠారుగా నిలబెట్టుకోవడానికి దొరికే సాకు అది. 'అదిగో పోతంది' అని ఒకామె అంటే సాలు మొత్తం లేచి నిలబడేది, అది కనుమరుగైనా ఇంకో నిమిషం చూస్తూనే ఉండేది. అలాంటి ఊళ్ళో విమానాల గురించి అధికారంగా మాట్లాడే ఒకే ఒక్క మనిషిగా నేను కొన్నాళ్ళు చలామణీ అయ్యాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. డిగ్రీ అయిపోయి, ప్రత్తిపాడులో ఒక నెట్ సెంటర్లో పనిచేస్తున్నాను. సైకిలు మీద పొద్దున పోయి సాయంత్రం వచ్చేదాన్ని. మా క్రైస్తవ సంఘంలో మౌస్ పట్టుకున్న చెయ్యి నాదొక్కటే కాబట్టి, కంప్యూటర్లో ఉన్నదంతా నాకు తెలుసని వాళ్ళు నమ్మారు. వాళ్ళకంటే ముందు నేను నమ్మాను. గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ముందు మన తప్పు ఒప్పుకోవాలని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఇది సాక్ష్యం కాదు, ఊరికే చెప్పుకునే కబురు. అందుకని ఏదీ ఒప్పుకోను. ఆ రోజు నా లెక్క తప్పలేదు. ఇప్పటికీ అదే మాట మీదున్నాను.

మా గుడి ఊరికి చివర, మిరపచేల మధ్యన ఉంటుంది. (చర్చి అని ఇప్పటి పిల్లలంటారు. మాకు గుడే.) మాఘ ఫాల్గుణాల్లో కోతలు మొదలైతే అక్కడి ప్రార్థనలకు ఒక ప్రత్యేకత వచ్చేది. ఆడవాళ్ళు చేలో నుంచి నేరుగా వచ్చి మోకరించేవారు. చేతులు ఎంత కడిగినా కారం పోదు. ఆ చేతులతోనే ముఖం తుడుచుకునేవారు. రెండు నిమిషాల్లో గుడంతా కన్నీళ్ళు, ముక్కు చీదడాలు, దగ్గులు. ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన ప్రసంగీకుడు అది చూసి కదిలిపోయి, ఇంత ఉజ్జీవం, ఆత్మ కదిలి ఇలా ఏడవడం, తాను ఎక్కడా చూడలేదని చెప్పి, ప్రసంగం గంటసేపు పొడిగించాడు. మా అయ్యగారు (పాస్టరు గారిని మేము అలాగే పిలుస్తాం) అసలు సంగతి ఆయనకు చెప్పలేదు. ఉజ్జీవం ఏ దారిన వచ్చినా ఉజ్జీవమే అనుకున్నారేమో.

గొలుసు ప్రార్థన గురించి కూడా చెప్పాలి. ఎవరికైనా పెద్ద ఆపరేషనో, ప్రాణాల మీదికి వచ్చిన జబ్బో ఉంటే, ఆ గండం దాటేదాకా ఒకరి తర్వాత ఒకరు అరగంట చొప్పున ఎడతెగకుండా ప్రార్థన చేస్తారు. ఇది చాలా సంఘాల్లో ఉన్నదే. మా గుడిలో మాత్రం పాతకాలం అయ్యగారు ఒకాయన పెట్టిపోయిన కట్టు ఒకటుంది. మోకాళ్ళ మీదున్న మనిషి తన టైము అయిపోయిందని లేవకూడదు. తర్వాతి మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేయాలి. చెయ్యి పడితేనే వంతు మారినట్టు. చివరి మనిషికి వంతు మార్చుకునేవాళ్ళు ఉండరు కాబట్టి, గండం గడిచిందన్న కబురు వచ్చేదాకా ఉండాలి. ఈ కట్టును దాటినవాళ్ళను నేను ఎరగను. ఒకసారి ఒక ముసలాయన తర్వాతి మనిషి నిద్రపోవడం వల్ల రెండు గంటలు అలాగే ఉండిపోయాడట. లేచాక మాత్రం ఆ మనిషి ఇంటికి పోయి ఆయన అన్న మాటలు గుడిలో చెప్పదగినవి కావు.

ఇక మా మేనత్త. మా సంఘంలో ఆమె బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేది, రోగుల దగ్గర కూర్చునేది. నాకు అక్షరాలు రాకముందే వాక్యాలు కంఠస్థం చేయించింది ఆమే. అత్త కూతురు, అంటే మా వదిన, మిలటరీలో పనిచేసే అతన్ని చేసుకుని నాగాలాండ్‌లో దిమాపూర్ అనే ఊళ్ళో ఉంటోంది. నెలలు నిండాయి. తొలిచూలు. అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి రాకూడదని డాక్టరు చెప్పింది, అత్తే వెళ్ళాలి. రైలంటే రెండు మూడు రోజులు, అన్ని రోజుల వ్యవధి లేదు. అందుకని అల్లుడు గన్నవరం నుంచి దిమాపూర్‌కు విమానం టికెట్టు తీసి, కొరియర్లో పంపించాడు. అత్త ఆ కాగితాన్ని చూసి, ఆ ఆదివారమే గుడిలో లేచి నిలబడింది.

"నాకు చావంటే భయం లేదు," అంది. "పడటమంటే భయం. ప్రభువు పిలిస్తే ఇంటి దగ్గర్నుంచే పోతాను, అంత ఎత్తుకు తీసుకుపోయి పిలవాలా. కానీ పిల్ల ఒక్కతే ఉంది. పోతాను. ఒక్కటే అడుగుతున్నా. చక్రం నేల వదిలినప్పటి నుంచి నేను ఆ ఊళ్ళో దిగేదాకా గొలుసు నడవాలి. ఒక్క నిమిషం తెగకూడదు. తెగదని మాటిస్తే ఎక్కుతాను. లేకపోతే లేదు."

మాటిచ్చాం. ఎన్ని అరగంటలో తెలియాలి కదా అని అయ్యగారు అన్నారు. నేను లేచి, రేపు కంప్యూటర్లో చూసుకొస్తానని చెప్పాను. గుడిలో ఆడవాళ్ళ వైపు నుంచి నేను లేచి మాట్లాడటం అదే మొదటిసారి. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

సోమవారం నెట్ సెంటర్లో వెతికితే సరిగ్గా నాకు కావలసిన పేజీయే దొరికింది. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే చాలు, వాటి మధ్య దూరమూ, విమానానికి పట్టే సమయమూ చెప్పేస్తుంది. గన్నవరం కొట్టాను, దిమాపూర్ కొట్టాను. పటం మీద ఈ చుక్క నుంచి ఆ చుక్కకి సముద్రం మీదుగా ఎర్రగీత ఒకటి, ఎక్కడా ఆగకుండా, కొద్దిగా వంగి, బహు అందంగా వెళ్ళింది. దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు. రెండు గంటల నలభై నిమిషాలు. ప్రింటు తీసి మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని బుధవారం కూడికకు తీసుకుపోయాను. ఆ కాగితాన్ని వరసగా అందరూ చేతులు తుడుచుకుని మరీ పట్టుకుని చూశారు.

ఒక్క మేస్త్రమ్మ తప్ప. ఆమె మిరపకోత ముఠాకు మేస్త్రి. ముప్ఫైమంది ఆడవాళ్ళను పొద్దున్నే పోగుచేసి, ఏ చేనికి ఎంతమంది పోవాలో చెప్పి, దగ్గరుండి కోయించే మనిషి. గుడిలో కూడా ఆమె గొంతే పెద్దది. నాకు వరసకు పెద్దమ్మ అవుతుంది. కాగితం వైపు చూడకుండా నా వైపు చూసింది.

"మజ్జెలో యాడా ఆగదా?"

"ఆగదు పెద్దమ్మా."

"మనూరి నుంచి చీమకుర్తి పోవాలంటే మూడు బస్సులు మారాలి. ఈడ నుంచి ఆ కొండల్లోకి ఒకటే బండా?"

"విమానం ఏమన్నా పల్లెవెలుగు బస్సా, చెయ్యెత్తిన చోటల్లా ఆగడానికి?" అన్నాను. కొంతమంది నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది.

"గద్ద ఎగిరే దూరం వేరే, మనిషి పోయే దూరం వేరే. చేను ఇటు నుంచి అటు చూస్తే ఇంతే ఉంటది. గట్టెంట తిరిగి పోతే తెలుస్తది," అంది మేస్త్రమ్మ.

"విమానానికి గట్లుండవు పెద్దమ్మా."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. మేస్త్రమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "సరే, మొదటి వంతు నాది," అంది. ఆమె మొదటి వంతు అంటే నేను పంతానికి చివరి వంతు పుచ్చుకున్నాను. మొత్తం అయిదు వంతులు. చివరిదానికి పది నిమిషాలు ఎక్కువ.

ఇక్కడ మీరు అడగవచ్చు, చేతిలో టికెట్టు ఉండగా కంప్యూటర్లో వెతకడం దేనికని. మంచి ప్రశ్నే. టికెట్టు అత్త దగ్గరుంది. కొరియరు వచ్చిన రోజునే దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో దూర్చి, కవరు నోరు కొవ్వొత్తితో కాల్చి అతికించేసింది. గేటు దగ్గర చూపించేదాకా చెమట తగలకూడదని. "ఒకసారి విప్పి చూస్తానత్తా," అంటే, "మడతల్లో చిరిగితే నువ్వొచ్చి చెప్తావా వాళ్ళకి?" అంది. పైమడత మీద కనిపించినంత వరకు చదివాను. గన్నవరం, ఉదయం ఏడు. ఇంకోవైపు తిప్పితే దిమాపూర్. మొదలూ తెలిసింది, చివరా తెలిసింది. మధ్యది మడతల్లో ఉంది. కంప్యూటరు చెప్పింది ఉండగా దాంతో నాకేం పని అనుకున్నాను.

శుక్రవారం తెల్లవారుజామునే అయ్యగారూ అమ్మగారూ అత్తను కారులో గన్నవరం తీసుకుపోయారు. అత్త వెంట గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి, బాలింత కాయం, కొత్తకారం. ఒంటికి ఊలు స్వెటరు, మా ఊళ్ళోనే వేసుకుని బయల్దేరింది. మేము గుడిలో కూర్చున్నాం. అయ్యగారు విమానాశ్రయం గోడ బయట రోడ్డు మీద నిలబడి, ఏడూ అయిదుకి ఫోను చేశారు. "ఎగిరింది." మేస్త్రమ్మ మోకరించింది. మామూలుగా ఆ వేళకు ఆమె ముఠా చేలో రెండు సాళ్ళు పూర్తిచేసి ఉండాలి. విమానం దిగేదాకా ఎవరూ పనికి పోయేది లేదని ముందురోజే చెప్పి, ముప్ఫైమందినీ గుడి వాకిట్లో కూర్చోబెట్టింది. చేను గుడి వెనకే, గట్టు దాటితే అదే. ఆ చేనుగల రైతు గట్టు మీద నిలబడి, కాయ ఎండకు తెల్లబడి తాలు పోతుందని గోల పెడుతున్నాడు. "నువ్వు కూడా వచ్చి కూకో," అని మేస్త్రమ్మ అతనికి చెప్పిందట. అతను రాలేదు, అరవడం మాత్రం ఆపాడు.

నా వంతు తొమ్మిదీ అయిదుకి వచ్చింది. భుజం మీద చెయ్యి పడింది, మోకరించాను, ఫోను గచ్చు మీద ఎదురుగా పెట్టుకున్నాను. తొమ్మిదిన్నర అయింది. తొమ్మిదీ నలభై అయిదు. ఫోను మోగలేదు. వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమే, కబురు రాలేదే?"

లేవకూడదు కాబట్టి మోకాళ్ళ మీద నుంచే తల తిప్పి, "లెక్క ప్రకారం దిగిపోయింది పెద్దమ్మా," అన్నాను. "అత్తకి ఫోను చెయ్యడం చేతకాదు గదా, అల్లుడొచ్చి చెయ్యాలి. దిగింది, అందులో ఏం సందేహం లేదు. మీరు పనికి పొండి. నేను కబురు వచ్చిందాకా ఉంటా."

ఆమె గోడ మీద గడియారం వైపు చూసింది. తర్వాత ముఠాను లేపుకుని గట్టు దాటి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఎవరో దేవునికి స్తోత్రమని గట్టిగా అన్నారు. ఆ స్తోత్రంలో నాకూ కొంత వాటా ఉందని అనిపించింది. (ఇది ఒప్పుకోలు కిందికి రాదు. ఇరవై ఏళ్ళప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.)

పది గంటలకు ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే వెనకాల ఏవేవో ప్రకటనలు, ముందు అత్త గొంతు, ఊరంతా వినపడేలా.

"ఏమే కోడలా, ఎవరో బాబు ఫోనిచ్చాడు. అయిదరాబాదులో ఉన్నా."

"హైదరాబాదా? అక్కడెందుకున్నావత్తా?"

"దింపారు. ఇప్పుడు ఇంకోదాంట్లో ఎక్కిస్తారంట. అది కలకత్తా పోద్దంట. ఆడ దిగి మళ్ళీ ఇంకోటంట. సాయంత్రం నాలుగవుద్దని ఈ బాబు చెప్తున్నాడు. కవరు చించేశారే పిల్లా, లోపల మూడు కాగితాలున్నయ్యి." గొంతు తగ్గింది. ఇంతకుముందు ఆమె గొంతు అలా తగ్గడం నేను వినలేదు. "ఎక్కేటప్పుడు మెట్ల కమ్మీ పట్టుకుని వదల్లేదు. మీరంతా మోకాళ్ళ మీదున్నారని కళ్ళు మూసుకుని కూర్చున్నా. గొలుసు తెగలేదు గదా?"

"తెగలేదత్తా," అన్నాను.

"ఆపరు గదా?"

"ఆపం."

ఫోను పెట్టేశాక చుట్టూ చూశాను. ఖాళీ గుడి (అయ్యగారు వాళ్ళు సాయంత్రానికి గానీ రారు), గోడ మీద గడియారం, కిటికీ లోంచి ఎండ. నాలుగింటి దాకా అంటే ఆరు గంటలు, పన్నెండు వంతులు, మనిషిని ఒక్కదాన్ని. ఫోను చేతిలోనే ఉంది. మేస్త్రమ్మ నంబరు అందులో ఉంది. ఆమె గట్టుకి ఆవలే ఉంది. 'పెద్దమ్మా, మూడు విమానాలంట' అని నాలుగు మాటలు చెబితే ముప్ఫైమంది వచ్చేవాళ్ళు. ఆ నాలుగు మాటలు నా నోటి నుంచి రావని నాకు అప్పుడే తెలిసిపోయింది. మూడు బస్సులని ఆమె అంటే, సరిగ్గా మూడు విమానాలయ్యాయి. రెండో నాలుగో అయినా అంత బాధ ఉండేది కాదు. సరే, ఒక్కదాన్నే ఉంటాను, నడుము విరిగినా సరే, అనుకున్నాను. విశ్వాసమో పంతమో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. ఆ వయసులో రెండూ ఒకే చోట కాపురముండేవి.

ఆరు గంటలకు సరిపడా ప్రార్థన మనిషి దగ్గర ఉండదు. ఈ సంగతి మీరు ప్రయత్నిస్తే తెలుస్తుంది. మొదట అత్త కోసం, వదిన కోసం, పుట్టబోయే బిడ్డ కోసం ప్రార్థించాను. తర్వాత విమానం నడిపేవాడి కోసం, వాడి కళ్ళ కోసం, వాడు పొద్దున ఇంట్లో ఎవరితోనూ పోట్లాడి రాకుండా ఉండటం కోసం. రెక్కల కోసం, చక్రాల కోసం, పేరు తెలియని మరల కోసం. కలకత్తా వాతావరణం కోసం. పచ్చడి సీసా మూత గట్టిగా ఉండాలని కూడా ప్రార్థించాను, విమానంలో మిగతావాళ్ళ క్షేమం దృష్ట్యా. గడియారం చూస్తే పదిన్నర. ఆ తర్వాత ఊళ్ళో ఇంటింటికీ పేరుపేరునా మొదలుపెట్టాను. మధ్యలో నెట్ సెంటరు ఓనరు ఫోను. పదిన్నరకల్లా వస్తానన్నాను, పరీక్షల హాల్ టికెట్లు తీయాల్సిన పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. అది గొలుసుకు సంబంధించిన ఫోను కాదు కాబట్టి ఎత్తలేదు. మోగి మోగి అదే ఆగింది. ఓనరు కోసం కూడా ప్రార్థించాను, ముఖ్యంగా ఆయన ఓర్పు కోసం.

పదకొండు దాటాక ఊరు అయిపోయింది. మిగిలింది ఒక్క ఇల్లు. మేస్త్రమ్మ ఇల్లు. దాటేసి పోదామని చూశాను. వాక్యం అంతగా చదువుకున్నదాన్ని, శత్రువుల విషయంలో ఏం చెయ్యాలో తెలుసు, తప్పించుకోవడానికి లేదు. ఆమె కోసం ఏమని ప్రార్థించాలో తోచక, ఆమెకు మోకాళ్ళ నొప్పులున్నాయని గుర్తొచ్చి వాటితో మొదలుపెట్టాను. నా మోకాళ్ళు అప్పటికి రెండు గంటలుగా గచ్చు మీద ఉన్నాయి. ఆమె మోకాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా చేలో ఉన్నాయి. ఏడూ అయిదుకి ఆ మోకాళ్ళ మీదే మొదటి వంతు చేసింది. ఆ ప్రార్థన నేను అనుకున్నదానికంటే పొడుగ్గా సాగింది. దాని తర్వాత కాసేపు కళ్ళు మూసుకుని మౌనంగా ధ్యానించాను. (మౌనంగా ధ్యానించాను అనే అంటాను. దీన్ని గురించి వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళ సంగతి తర్వాత వస్తుంది. తోటలో ప్రభువు మేలుకొని ఉండమన్నా ఉండలేకపోయిన శిష్యుల మాటేమిటని మాత్రం వాళ్ళను అడుగుతున్నాను.)

భుజం మీద చెయ్యి పడింది. బరువైన చెయ్యి, పచ్చిమిరప వాసన. ఉలిక్కిపడి చూస్తే గడియారం పన్నెండున్నర. మేస్త్రమ్మ. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు కట్టిన తుండుగుడ్డ, అలాగే వచ్చింది.

"లే. నేనుంటా."

లేవలేదు. "నా లెక్క తప్పలేదు పెద్దమ్మా," అన్నాను. అంతసేపూ ప్రార్థన చేసిన నోటితో మొదట వచ్చిన మాట అదే.

"తప్పిందని ఎవురన్నారే? గద్ద లెక్క సరిగ్గానే చెప్పావు. ముందు లేచి అన్నం తిను."

"నీకెట్లా తెలిసింది?"

"నీ సైకిలు," అంది. "తొమ్మిదీ నలభైకి దిగుద్ది, పదిన్నరకల్లా పనిలో ఉంటానన్నావు. పదింబావుకి చూశా, సైకిలు గుడి గోడకే ఉంది. కబురొచ్చుంటే నువ్వు ఆగే పిల్లవా? ఊరంతా సైకిలు మీద తిరిగి చాటింపు వేసేదానివి కాదూ. సైకిలు కదల్లేదంటే మీ అత్త ఇంకా దిగలేదు."

"మరి అప్పుడే రావచ్చు గదా," అన్నాను, తప్పు ఆమెదన్నట్టు.

"వస్తే ఒప్పుకుంటావా? తరిమేసి ఉండేదానివి. అందుకని చేలోనే మొదలుపెట్టించా. పదింబావు నుంచి సాలుకొకరు. సాలు చివరికి పోయినామె పక్క సాల్లో ఆమె భుజం మీద చెయ్యి వెయ్యటం, కాయ కోసుకుంటానే ఈమె మొదలుపెట్టటం. నిలబడే చేస్తున్నారు, వంగే చేస్తున్నారు. దేవుడేం అనుకోడ్లే." తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంది. "రెండుసార్లు వచ్చి కిటికీలోంచి చూసిపోయా. రెండోసారి గురక పెడతన్నావు."

"ధ్యానం చేస్తున్నా."

"అదే. ధ్యానం గట్టు దాకా వినపడింది."

లేవబోతే కాళ్ళు రాలేదు. ఆమె రెండు చేతులూ నా చంకల కింద పెట్టి, నిండిన మిరపబస్తాను లేపినట్టు లేపి గోడకు ఆనించింది. ఆ చేతులు ముఖానికి ఎక్కడో తగిలాయి, కళ్ళు మండి నీళ్ళు కారాయి. అది కారం. ఆ రోజు చూసినవాళ్ళు ఏమన్నా చెప్పనివ్వండి, అది కారమే. ఆమె నా చోట మోకరించింది, మోకాళ్ళు మడిచేటప్పుడు చిన్న మూలుగు వినిపించింది. నేను గుడి మెట్ల మీద కూర్చుని ఆమె క్యారియర్లో అన్నం తిన్నాను. గోంగూర, చల్లమిరపకాయలు. అంత రుచైన అన్నం ఆ తర్వాత తినలేదు.

మధ్యాహ్నం గొలుసు మొత్తం చేలోకే మారింది, నేనూ దిగాను. నా వంతు మళ్ళీ రెండుసార్లు వచ్చింది. కాయ కోస్తూ ప్రార్థించడం కష్టమేమీ కాదు, ప్రార్థిస్తూ కాయ కోయడమే కష్టం. రెండు కాయలకొక ఆకు తెంపానని పక్క సాలామె తిట్టింది. నాలుగూ పదికి ఫోను మోగింది.

"దిగానే," అంది అత్త. "కొండలు. చలి. స్వెటరు పనికొచ్చింది. మీ వదిన బానే ఉంది, ఇంకా నొప్పులు రాలేదు. పచ్చడి సీసా మాత్రం వాళ్ళు లోపలికి రానియ్యమంటే పెద్ద గొడవైంది, చివరికి సంచిలో వేసి పంపారు. గొలుసు తెగలేదు గదా?"

"తెగలేదత్తా." పొద్దున చెప్పిన మాటే. పొద్దున చెప్పినప్పుడు అది ఎంత నిజమో నాకే తెలియదు.

ఆ క్షణాన వంతు ఎవరిదో చూడాలి. సాళ్ళ వెంట పరుగెత్తాను. అటు చివర మేస్త్రమ్మ వంగి కాయ కోస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె నడుము ఎత్తి నా ముఖం చూసింది, సంగతి అర్థమైంది, మళ్ళీ వంగింది. "సంతోషం. ఇంకా రెండు సాళ్ళున్నయ్యి, కొయ్యి," అంది.

వదినకు నాలుగో రోజున ఆడపిల్ల పుట్టింది. అత్త రెండు నెలలకు తిరిగి వచ్చి గుడిలో సాక్ష్యం చెప్పింది, మూడు విమానాల్లోనూ తన భుజం మీద ఒక చెయ్యి ఉన్నట్టే అనిపించిందని. నేను తల వంచుకున్నాను. ఇప్పుడేదో అంటుందని మేస్త్రమ్మ వైపు చూశాను. ఆమె స్తోత్రమంది, అంతే. పంతానికి నేను ఒక్కదాన్నే కూర్చున్న సంగతి సంఘంలో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు కూడా. (నా గురక సంగతి తప్ప. అది అందరికీ చెప్పింది.)

ఈ మధ్య ఏదో వెతుకుతుంటే ఆ పేజీయే మళ్ళీ కనిపించింది. అదే ఎర్రగీత, అవే రెండు గంటల నలభై నిమిషాలు. అడుగున సన్నటి అక్షరాల్లో ఒక ముక్క ఉంది, ఇది తిన్నగా కొలిచిన దూరం మాత్రమే, నిజంగా విమానాలు ఉన్నదీ లేనిదీ విడిగా కనుక్కోవాలని. ఆ ముక్క అప్పుడూ ఉండే ఉంటుంది. నేను తీసిన ప్రింటులో కాగితం అడుగు తెగిపోయింది. కాబట్టి తప్పు ప్రింటరుది. లెక్కకు వస్తే, ఆ గీత తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. మనుషులు హైదరాబాదు మీదుగా, కలకత్తా మీదుగా, గట్ల వెంట తిరిగి తిరిగి పోతారు, నిజమే. ప్రార్థన మాత్రం ఆ ఎర్రగీత మీదే పోతుంది, ఎక్కడా మారకుండా. దానికి రెండు గంటల నలభై నిమిషాలు కూడా అక్కర్లేదు.

ఈ మాట మొన్న మేస్త్రమ్మకు చెప్పాను. ఇప్పుడామె చేలోకి పోవడం లేదు, గుడి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. అంతా విని, "మాటకి తక్కువ లేదు నీకు," అంది.

లేదు. దేనికీ తగ్గలేదు నేను. ఒక్కటి మాత్రం ఉంది. గుడి పక్కన ఇప్పుడు రేకుల నీడ వేశారు, బళ్ళన్నీ దాని కింద పెట్టుకుంటారు. నా స్కూటీ నేను అక్కడ పెట్టను. సీటు కాలిపోతుందని అందరూ అంటూనే ఉంటారు. అయినా ఎండలో, గోడకు ఆనించి, చేలో నుంచి కనపడేలా పెడతాను.